తెర మీది సాక్ష్యం: ముస్లిం కుటుంబాలు చూడదగిన కొన్ని చిత్రాలు

కృష్ణా డెల్టాలో సినిమాకు నూరేళ్ళు దాటినవి. 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతీ సినిమా హాలు నెలకొల్పిన తరువాత ఈ పట్టణం తెలుగు చిత్ర వ్యాపారానికి ఒక ముఖ్య కేంద్రంగా పెరిగింది. గాంధీనగరంలోని పంపిణీదారుల ఆఫీసులనుండి సినిమా పెట్టెలు డెల్టా ఊళ్ళకు వెళ్ళిన రోజులు చాలామందికి గుర్తే. ‘మాలపిల్ల’ తీసిన గూడవల్లి రామబ్రహ్మం, నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారకరామారావు, గుడివాడ ప్రాంతంనుండి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు, ముగ్గురూ ఈ జిల్లావారే. ఆ హాళ్ళలో నేల టిక్కెట్టు మీదా, బాల్కనీలోనూ కూర్చున్నవారిలో వించిపేట, తారాపేట, బందరు, గుడివాడ ముస్లిములు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు హాలుకు వెళ్ళవలసిన పని కూడా లేదు. సినిమాయే సెల్‌ఫోనులో ఇంట్లోకి, పిల్లల పక్కమీదికి వస్తున్నది.

కనుక ముస్లిం సమాజంలో చిరకాలంగా నలుగుతున్న “సినిమా చూడవచ్చునా?” అనే ప్రశ్న పక్కనే మరొక ప్రశ్న వచ్చి నిలిచింది: చూచేవారు ఏది చూడాలి? ఏ కొలతతో చూడాలి? మొదటి ప్రశ్నకు ఉలమాలలో ఏకాభిప్రాయం లేదు. జీవుల చిత్రాలను నిషేధించే హదీసుల ఆధారంగా కదిలే బొమ్మను కూడా కాదనేవారు కొందరు. సినిమా ఒక సాధనం మాత్రమే, అందులో చూపే విషయాన్ని బట్టి, చూచేవాని ఆరాధనా విధులకు అది కలిగించే అంతరాయాన్ని బట్టి తీర్పు చెప్పాలనేవారు మరికొందరు. డాక్టర్ యూసుఫ్ అల్ ఖర్జావీ హలాల్ హరామ్‌లపై 1960లో వెలువరించిన గ్రంథంలో ఈ రెండవ మార్గాన్నే అనుసరించారు. ఆ చర్చను పరిష్కరించటం ఈ వ్యాసం పని కాదు. చూడటం అనేది జరుగుతూనే ఉన్నది కనుక, చూచే కన్నుకు వివేకం నేర్పటం అవసరమన్నదే ఇక్కడి విషయం.

కొలమానం

సాధారణంగా ముస్లిం ఇళ్ళలో చిత్రాలను కొలిచే పద్ధతి ఒకటి ఉన్నది. ముస్లిములను మంచివారుగా చూపితే మంచి సినిమా. చెడ్డవారుగా చూపితే చెడ్డ సినిమా. ఈ కొలత సులభమైనదే కాని సరియైనది కాదు. పొగడ్త నిజమని ఎవరూ హామీ ఇవ్వలేరు. నింద అబద్ధమనీ ముందుగానే చెప్పలేరు.

ఇంతకంటె గట్టి కొలమానం ఇస్లామీయ విద్యలోనే ఉన్నది. హదీసు పండితులు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించేముందు రెండు పరీక్షలు జరిపేవారు. చెప్పినవాడెవడు, అతడు ఎవరివద్ద విన్నాడు, అతని నడవడి, జ్ఞాపకశక్తి ఎట్టివి అనేది ఇస్నాద్ పరీక్ష. చెప్పిన మాట దానంతటది నిలుస్తుందా, తెలిసిన సత్యాలకు విరుద్ధంగా ఉన్నదా అనేది మత్న్ పరీక్ష. వార్త తెచ్చినవాని మాటను విచారించకుండా నమ్మి ఒక జనసమూహానికి హాని చేయవద్దని అల్ హుజురాత్ సూరా హెచ్చరించింది. అన్నిసా సూరా మరొక మెట్టు పైకి తీసుకుపోయింది. న్యాయంకోసం సాక్ష్యం చెప్పవలసి వచ్చినపుడు అది తనకు, తన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా చెప్పవలసిందేనని ఆదేశించింది.

సినిమా కూడా ఒక సాక్ష్యమే. కల్పిత కథ అయినా “మనుషులు ఇట్లా బ్రతుకుతారు” అని లక్షలమంది ఎదుట అది వాఙ్మూలం ఇస్తుంది. కనుక ప్రతి చిత్రాన్నీ మూడు ప్రశ్నలు అడగవచ్చు. చెప్పేవానికి విషయం దగ్గరగా తెలుసునా? చెప్పిన మాట జీవితానికి నిలుస్తున్నదా? తనవారికి వ్యతిరేకంగా కూడా నిజం పలికే ధైర్యం అందులో ఉన్నదా? ఈ మూడవ ప్రశ్నే అన్నింటికన్న కష్టమైనది. దానికి నిలిచిన చిత్రాలు తక్కువ. ముస్లిం ప్రేక్షకుడు వెదకి చూడవలసినవి అవే.

దైవప్రవక్త (స) చరిత్ర, కెమెరా

మొదట ప్రస్తావించవలసినది ‘ది మెసేజ్’. సిరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముస్తఫా అక్కాద్ దీనిని 1976లో విడుదల చేశాడు. ఒకే కథను ఇంగ్లీషులో ఆంథొనీ క్విన్ తదితరులతో, అరబ్బీలో అబ్దుల్లా గైస్ తదితరులతో, రెండు వేర్వేరు నటవర్గాలతో చిత్రీకరించాడు. మొరాకోలో ప్రారంభమైన చిత్రీకరణ అక్కడ ఆగిపోయి, లిబియాలో పూర్తయింది. దైవప్రవక్త (స) రూపాన్ని గాని, స్వరాన్ని గాని ఎక్కడా చూపలేదు, వినిపించలేదు. ఆయన భార్యలను, కుమార్తెలను, తొలి ఖలీఫాలను కూడా తెరమీదికి తేలేదు. ఆయనతో మాట్లాడవలసిన పాత్రలు కెమెరా వైపు తిరిగి మాట్లాడతాయి. హమ్జా (రజి), బిలాల్ (రజి)ల కన్నులద్వారా కథ నడుస్తుంది.

ఈ నియమం చిత్రానికి లోపమని కొందరు విమర్శకులు భావించారు. నిజానికి ఇదే దానికి బలం. కేంద్రంలో ఉన్న వ్యక్తి కనిపించనందువల్ల, ఆయన మాట విని మారిన మనుషులే ప్రేక్షకునికి కనిపిస్తారు. బానిసగా హింసలు పడిన బిలాల్ (రజి) కప్పుమీది కెక్కి తొలి అజాన్ పలికే దృశ్యం ఎన్ని సంభాషణలు వ్రాసినా చెప్పలేని విషయాన్ని చెప్తుంది. లోపం మరొకచోట ఉన్నది. బద్ర్, ఉహుద్ యుద్ధాలు ఎంతో విస్తారంగా సాగుతాయి. మదీనాలో పొరుగువాని హక్కు, వ్యాపారంలో నీతి, అనాథల సంరక్షణ ఎట్లా నెలకొన్నవో చూపటానికి ఆ విస్తీర్ణంలో కొంతైనా మిగలలేదు. ఈ చిత్రం ఒక్కటే చూచిన బాలుడు ఇస్లాం ప్రధానంగా యుద్ధభూమిలో వ్యాపించిందనే భావనతో లేవగలడు. పెద్దలు పక్కన కూర్చుని చెప్పవలసిన మాట అక్కడే ఉన్నది.

ఈ చిత్ర చరిత్రలో ఒక గుణపాఠం కూడా కలదు. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో ఒక చిన్న ముస్లిం వర్గం కొన్ని భవనాలను ఆక్రమించి ప్రజలను బందీలుగా పట్టుకున్నది. వారి కోరికలలో ఒకటి ఈ చిత్రాన్ని ఆపివేయాలనేది. వారు చిత్రం చూడలేదు. విచారించకుండా వార్తను నమ్మితే కలిగే హానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. అదే చిత్రం 2018లో సౌదీ అరేబియా థియేటర్లలో ప్రదర్శితమైంది.

ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 2015లో ‘ముహమ్మద్: ది మెసెంజర్ ఆఫ్ గాడ్’ తీశాడు. ఇందులో దైవప్రవక్త (స) బాల్యం కథావస్తువు. ముఖం చూపలేదు కాని బాలుని ఆకారాన్ని వెనుకనుండి చూపాడు. అల్ అజ్హర్ పండితులు అభ్యంతరం చెప్పారు. బొంబాయికి చెందిన రజా అకాడమీ దర్శకునిపైనా, సంగీతం సమకూర్చిన ఎ.ఆర్. రహమాన్‌పైనా ఫత్వా తెచ్చింది. దృశ్య సౌందర్యంలో ఈ చిత్రం అక్కాద్ చిత్రాన్ని మించినదే. అయినా అక్కాద్ పాటించిన సంయమనంవల్ల వచ్చిన గౌరవం ఇందులో సన్నగిల్లింది. బాల్యంలోని అద్భుతాలను ఒకదానిపై ఒకటి పేర్చటంవల్ల, సీరత్ గ్రంథాలలో గట్టి ఆధారం గల విషయానికీ, బలహీన ఉల్లేఖనానికీ తేడా తెలియకుండా పోయింది. ఇస్నాద్ పరీక్షలో ఈ చిత్రం వెనుకబడుతుంది.

ఈ విషయంలో కథాచిత్రాలకంటె డాక్యుమెంటరీలు నయం. 2002లో అమెరికాలో వచ్చిన ‘ముహమ్మద్: లెగసీ ఆఫ్ ఎ ప్రాఫెట్’ సీరత్‌లోని ఘట్టాలను చెప్తూ, వాటి పక్కనే ఈనాటి అమెరికన్ ముస్లిముల జీవితాలను నిలిపింది. ఆదర్శం చెప్పిన వెంటనే ఆచరణను చూపటం దాని పద్ధతి. రాబర్ట్ గార్డ్‌నర్ తీసిన మూడు భాగాల ‘ఇస్లాం: ఎంపైర్ ఆఫ్ ఫెయిత్’ విద్యార్థులకు ఉపయోగకరం. అయితే దాని ప్రయాణం మక్కానుండి బాగ్దాదుకు, కొర్దోవాకు, చివరి భాగంలో ఇస్తాంబూలుకు సాగుతుంది. దక్కను సంగతి అందులో రాదు. గోల్కొండ, బీజాపూరులు, బందరు రేవు కూడా ఇస్లామీయ చరిత్రలో భాగమేనని డెల్టా విద్యార్థికి వేరుగా చెప్పవలసి ఉంటుంది.

తెలుగు తెరమీది సాయిబు

దక్కను మాట వచ్చినది కనుక తెలుగు చిత్రాలకు రావటం ఉచితం. తెలుగు సినిమాకు ముస్లిం ఇతివృత్తం కొత్త కాదు. భరణీవారి ‘లైలా మజ్నూ’ 1949లో వచ్చింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘అనార్కలి’ 1955లోనూ, రామారావు స్వయంగా దర్శకత్వం వహించి అక్బరుగా నటించిన ‘అక్బర్ సలీం అనార్కలి’ 1979లోనూ వెలువడినవి. పాటలు మధురమే. కాని ఈ చిత్రాలలో ముస్లిం అనగా గులాబీ తోటలో నిట్టూర్చే రాకుమారుడు. అరేబియా ఎడారి గాని, మొగలు కోట గాని అతని నివాసం. ప్రేక్షకుని పొరుగింట్లో మాత్రం అతడు ఉండడు.

రామదాసు కథలో మరొక రకం కనిపిస్తుంది. నాగయ్యగారి 1964 చిత్రంలోనూ, 2006 నాటి ‘శ్రీరామదాసు’లోనూ గోల్కొండ తానీషా ఉదారుడైన పాదుషాగా ఉన్నాడు. ఈ ఔదార్యానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో అక్కన్న మాదన్నలు ఎంత అధికారం వహించారో తెలిసినదే. బెజవాడ ఇంద్రకీలాద్రి పాదంలోని గుహలకు నేటికీ వారి పేరే ఉన్నది. కాని అదే కథలో పదిహేనవ శతాబ్దపు కబీరు వచ్చి పదిహేడవ శతాబ్దపు గోపన్నకు ఉపదేశం చేస్తాడు. భక్తిగాథగా దీనిని ఆనందించవచ్చు. చరిత్ర సాక్ష్యంగా స్వీకరించరాదు. సమైక్యతకోసం చెప్పిన పొరపాటు కూడా పొరపాటే.

సాంఘిక చిత్రాలలోకి వచ్చేసరికి సాయిబు రెండు అచ్చులలో పడిపోయాడు. ఒకటి, కథానాయకునికోసం ప్రాణమిచ్చే భాయి. రెండు, బాంబు పెట్టే ఉగ్రవాది. కృష్ణవంశీ 2002 చిత్రం ‘ఖడ్గం’ ఈ రెండు అచ్చులనూ ఒకే ఇంట్లో పెట్టింది. ఆటో నడుపుకునే అంజాద్ దేశభక్తుడు. అతని తమ్ముడు ఉగ్రవాది. ప్రకాష్ రాజ్ నటనలో నిజాయితీ ఉన్నది. దర్శకుని ఉద్దేశంలో దురుద్దేశం లేదు. అయినప్పటికీ ఆ ఇంట్లో మూడవ రకం మనిషికి చోటు లేదు. దేశభక్తి గురించి ఎవరూ అడగకుండా, తానూ నిరూపించకుండా, తన ఆటో తాను నడుపుకుని సాయంత్రం ఇంటికి చేరే మామూలు మనిషికి ఆ కథలో పని లేదు. డెల్టాలోని నూటికి తొంభైతొమ్మిది ముస్లిం ఇళ్ళు ఆ మూడవ రకానివే.

క్రిష్ దర్శకత్వంలోని ‘వేదం’ (2010) ఇంకొక మెట్టు ముందుకు నడిచింది. మనోజ్ బాజ్‌పాయ్ ధరించిన రహీముద్దీన్ ఖురేషీ పోలీసు అధికారి చేతిలో అకారణంగా అవమానం పొందుతాడు. పుట్టబోయే సంతానాన్ని పోగొట్టుకుంటాడు. దేశం విడిచి షార్జా పోదామని నిశ్చయించుకున్నవాడిని అనుమానంతో మళ్ళీ పట్టుకుంటారు. అనుమానించబడటం ఎంత బరువో తెలుగు తెర ఇంత సూటిగా అంతకుముందు చెప్పినది అరుదు. అయితే చివరకు తనను హింసించిన అధికారినే ప్రాణాపాయంనుండి కాపాడిన తరువాతగాని అతని నిర్దోషిత్వం రుజువు కాలేదు. క్షమ గొప్ప గుణమే. కాని పౌరుడు నిర్దోషి అనిపించుకోవటానికి వీరుడు కావలసి రావటం న్యాయం కాదు. చూడదగిన చిత్రమే, ఈ లోపాన్ని గుర్తిస్తూ చూడాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. తెరమీది సాయిబు తెలుగు పలికితే హాలు నవ్వాలి అనేది పాతకాలపు ఆచారం. లింగవచనాలు తారుమారు చేసి, మాటమాటకూ “అరే భాయ్” అనిపిస్తే పాత్ర పూర్తయిందని రచయితల నమ్మకం. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో దూదేకుల కుటుంబాల ఇంటిభాష తెలుగే. పట్టణాలలో దక్కనీ మాట్లాడే ఇళ్ళలో కూడా పిల్లలు తెలుగులోనే చదివి, తెలుగులోనే లెక్కలు వేసుకుంటున్నారు. ఇందుకు సాక్ష్యం సినిమాలోనే ఉన్నది. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పినవాడు షేక్ నాజర్, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినవాడు. తంబురా పట్టి ఆయన చెప్పిన కథలో మన్యంవీరుడు తెలుగువారందరి కళ్ళకు కట్టాడు. 1986లో పద్మశ్రీ పొందిన ఆ కళాకారుని ఆత్మకథ పేరు ‘పింజారి’. తిట్టుగా వాడిన మాటను ఆయన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. తెలుగు ముస్లిం ఎట్లా మాట్లాడతాడో వినదలచినవారు హాస్య సన్నివేశాలకు బదులు ఆ కొద్ది నిమిషాల బుర్రకథ వినటం మంచిది.

చరిత్ర గాయాలు

విభజన విషయంలో నేటికీ చూడవలసిన చిత్రం ఎం.ఎస్. సత్యు తీసిన ‘గరం హవా’. ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రచన చేశారు. సెన్సారు వద్ద నెలల తరబడి నిలిచిపోయి 1974లో ప్రజల ముందుకు వచ్చింది. ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే సలీం మీర్జాగా బల్‌రాజ్ సహానీ నటించాడు; విడుదల చూడకుండానే 1973 ఏప్రిల్‌లో మరణించాడు. ఈ చిత్రంలో హత్యలు, మంటలు దాదాపు లేవు. బ్యాంకు అప్పు ఇవ్వదు, ఎందుకంటే ముస్లిం రేపో మాపో దేశం విడిచిపోతాడని అనుమానం. ఇల్లు పోతుంది, ఎందుకంటే అది పాకిస్తాన్ వెళ్ళిన అన్న పేరు మీద ఉన్నది. కూతురు నమ్మిన ఇద్దరు వరులూ సరిహద్దు దాటిపోతారు. పీడన ఎప్పుడూ కత్తి పట్టుకుని రాదు. దరఖాస్తుల రూపంలో, అద్దె ఇంటి తలుపుల రూపంలో కూడా వస్తుందని ఈ చిత్రం చూపింది. అదే సమయంలో ముందు ఉపన్యాసాలిచ్చి, తరువాత చెప్పకుండా వెళ్ళిపోయిన ముస్లిం నాయకులను కూడా అది వదలలేదు. చివరకు స్టేషనుకు పోతున్న మీర్జా టాంగా దిగి, ఉద్యోగాలు కోరే జనం ఊరేగింపులో కొడుకుతో కలుస్తాడు. సమస్య ముస్లింది మాత్రమే కాదు, పనిలేని ప్రతి యువకునిదీ అని గుర్తించటం ఆ ముగింపులోని అర్థం.

హైదరాబాదు సంస్థాన చరిత్రపై రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో వచ్చిన ‘మా భూమి’ (1979) మొదటిది. 2024 మార్చిలో విడుదలైన ‘రజాకార్’ రెండవది. ‘మా భూమి’ దొరతనాన్ని, భూమి ప్రశ్నను కేంద్రంగా తీసుకున్నది. అందులో దోపిడీకి ఒకే మతం లేదు, బాధకూ లేదు. ‘రజాకార్’ ఖాసిం రజ్వీ అనుచరుల దురాగతాల మీదే దృష్టి నిలిపింది.

ఆ దురాగతాలు జరగలేదనటం అబద్ధ సాక్ష్యం అవుతుంది. తెలంగాణానుండి పారిపోయి వచ్చినవారికి బెజవాడ ఆశ్రయమిచ్చిన రోజులను ఈ ప్రాంతపు పెద్దలు మరువలేదు. కాని కథను అక్కడితో ఆపటం సగం సాక్ష్యమే. రజాకార్లను ఎదిరించి, సంస్థానం భారత్‌లో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. పోలీసు చర్య తరువాత మరాఠ్వాడా ప్రాంతంలోనూ, ఇతర చోట్లా వేలాది ముస్లిములు హతులైన సంగతిని కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదించింది. మృతుల సంఖ్య ఇరవై ఏడు వేలనుండి నలభై వేల వరకు ఉండవచ్చునని ఆ బృందం అంచనా. ఈ రెండు సత్యాలనూ ఒకే శ్వాసలో చెప్పగల చిత్రం ఇంకా రావలసి ఉన్నది. రజాకార్ల నేరాన్ని ముస్లిం చెప్పటమూ, తరువాతి నేరాన్ని హిందువు చెప్పటమూ జరిగిననాడు చరిత్ర గాయం మానటం మొదలవుతుంది.

ఆ పని చేసిన ఒక డాక్యుమెంటరీ ఉత్తర భారతంనుండి వచ్చింది. ఆనంద్ పట్వర్ధన్ 1992లో పూర్తిచేసిన ‘రామ్ కే నామ్’లో అయోధ్య వివాదస్థలంలో న్యాయస్థానం నియమించిన పూజారి లాల్‌దాస్ కనిపిస్తాడు. తన వారినుండే వచ్చే ద్వేషానికి వెరవకుండా, మందిర ఉద్యమంలోని రాజకీయాన్నీ ధనాన్నీ తప్పుపడతాడు. 1993 నవంబరులో ఆయన హత్యకు గురయ్యాడు. అన్నిసా సూరాలోని ఆదేశం వినని మనిషి ఆ ఆదేశానుసారం నిలబడిన దృశ్యం ఇది. ముస్లిం ప్రేక్షకుడు ఈ చిత్రం చూచి బాబ్రీ మసీదుకోసం దుఃఖించటంతో ఆగిపోరాదు. లాల్‌దాస్ తనవారి ఎదుట నిలిచినట్లు, తాను తనవారి ఎదుట ఎక్కడ నిలవవలసి ఉన్నదో ఆలోచించాలి.

తనకు వ్యతిరేకమైన సాక్ష్యం

ఆ ఆలోచనకు తగిన చిత్రం సాగర్ సర్హదీ 1982లో తీసిన ‘బాజార్’. గల్ఫ్‌నుండి వచ్చిన ధనవంతునికి హైదరాబాదు పాతబస్తీలోని బీద ఇంటి పిల్ల షబ్నంను కట్టబెట్టటం ఇందులోని కథ. ఆమె ప్రేమించిన సర్జూ చేతిలో డబ్బు లేదు. పెండ్లి జరుగుతుంది, పిల్ల విషం తింటుంది. ఈ చిత్రం వచ్చినపుడు ముస్లిం సమాజాన్ని వీధిలో పెట్టారని కోపగించినవారు ఉన్నారు. కాని దీనిలో సాక్షులెవరు? కథను నడిపే నజ్మా స్వయంగా ఈ బేరంలో భాగస్వామి. తన పెండ్లి కుదరాలనే ఆశతో ఆమె ఇంకొక పిల్లను అప్పగించటానికి తోడ్పడింది. చివరకు ఆమె ఎవరినో నిందించదు. తన అపరాధాన్నే ఒప్పుకుంటుంది. ఇది బయటివాడు వేసిన నింద కాదు, లోపలివారి ఒప్పుకోలు.

ఈ చిత్రం అబద్ధమాడలేదని తొమ్మిదేళ్ళ తరువాత రుజువైంది. 1991లో హైదరాబాదునుండి ఢిల్లీ పోతున్న విమానంలో పదకొండేళ్ళయినా నిండని ఒక బాలిక ఏడుస్తూ కనిపించింది. పక్కన ఉన్న అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడు ఆమె భర్తనన్నాడు. విమాన సిబ్బంది పట్టించుకున్నందువల్ల విషయం దేశమంతా తెలిసింది. నికాహ్‌లో వధువు ఇష్టపూర్వక సమ్మతిని షరీఅత్ కోరుతుంది. మహర్ ఆమె హక్కు. తండ్రి అప్పులు తీర్చే వెల కాదు. ఇది తెలిసిన ఖాజీ ఆ నికాహ్ ఎట్లా చదివాడు? ఇటువంటి ప్రశ్న అడిగే చిత్రం సమాజానికి శత్రువు కాదు. జుమా ఉపన్యాసంలో రావలసిన మాట తెరమీదినుండి వచ్చింది. కట్నం పేరుతో డెల్టా పట్టణాలలో నేడు జరుగుతున్న బేరాలకు కూడా ఈ అద్దం పనికివస్తుంది. చిన్నపిల్లలకు తగిన చిత్రం కాదు; పెద్దలు, ముఖ్యంగా పెండ్లీడు పిల్లల తండ్రులు చూడవలసినది.

అమానతు, హజ్, చెప్పులజత

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన చిత్రాలు మూడు. మజీద్ మజీదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ మొదటిది. చెల్లెలి చెప్పులజత పోగొట్టిన అలీ తన జతనే ఆమెతో పంచుకుంటాడు. పరుగు పందెంలో మూడవ బహుమతి చెప్పులు కనుక మూడవవాడుగా రావాలని పరుగెత్తి, మొదటివాడై, కన్నీరు పెడతాడు. ఈ చిత్రంలో ఎవరూ ధర్మబోధ చేయరు. ఒకచోట తండ్రి మసీదుకు చెందిన చక్కెర దిమ్మలను ముక్కలు కొడుతుంటాడు. చిన్నది చక్కెరలేని టీ తెచ్చి పెడుతుంది; ఎదుట ఇంత చక్కెర ఉన్నదే అంటుంది. అది మసీదు సొత్తు, తనకు అప్పగించినది అని తండ్రి జవాబు. అమానతు అనే పదానికి మదరసాలో గంటసేపు చెప్పే వివరణ ఆ ఒక్క దృశ్యంలో ఉన్నది. వక్ఫ్ ఆస్తుల నిర్వాహకులకు ఈ దృశ్యాన్ని ప్రత్యేకంగా చూపించవచ్చు.

రెండవది సలీం అహమద్ దర్శకత్వంలోని మలయాళ చిత్రం ‘ఆదమింటె మకన్ అబు’. 2011లో విడుదలై, జాతీయ ఉత్తమ చిత్రంగానూ, సలీం కుమార్‌కు ఉత్తమ నటునిగానూ పురస్కారాలు తెచ్చినది. భార్య ఐషుమ్మగా నటించిన జరీనా వహాబ్ విశాఖపట్నంలో పుట్టినది. అత్తరు, మతగ్రంథాలు అమ్ముకునే వృద్ధుడు అబు పైసా పైసా కూడబెట్టి హజ్‌కు బయలుదేరదలుస్తాడు. ఆవులను అమ్ముతాడు, ఇంటిముందరి పనసచెట్టును కలప వ్యాపారికి బేరం పెడతాడు. నరికితే చెట్టు లోపల డొల్ల. వ్యాపారి, క్రైస్తవుడు, మాటప్రకారం డబ్బు ఇవ్వబోతాడు. అబు తీసుకోడు. హజ్ ఖర్చు తనకు న్యాయంగా హక్కున్న ధనంతోనే జరగాలని అతని నిశ్చయం. ప్రయాణాల ఏజెంటు, పాత మాస్టారు తామిస్తామన్నా ఒప్పుకోడు. బతికున్న చెట్టును నరికించటమే తప్పయినదేమోనని చింతించి, చివరకు ఒక పనసమొక్క నాటుతాడు.

హజ్‌కు పోలేకపోయిన మనిషి కథ ఇది. వెళ్ళి వచ్చినవారి ఘనతను చెప్పుకునే రోజుల్లో ఇది అవసరమైన కథ. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ ఓడలు బందరునుండి ఎర్రసముద్రపు రేవులకు వెళ్ళేవి. యాత్రికులు వాటిలో పోయేవారు. 2023లో గన్నవరం విమానాశ్రయంనుండే హజ్ విమానాలు బయలుదేరినవి. దారి దగ్గరయింది. డబ్బు ఎక్కడినుండి వచ్చినదనే ప్రశ్న మాత్రం అబు వేసుకున్నట్లు ఎందరు వేసుకుంటున్నారో ఎవరికి వారు చెప్పుకోవాలి.

మూడవది ఇస్మాయీల్ ఫెరూఖీ తీసిన ఫ్రెంచి చిత్రం ‘లె గ్రాండ్ వాయేజ్’ (2004). ఫ్రాన్సులో స్థిరపడిన మొరాకో వృద్ధుడు కొడుకు నడిపే కారులో మక్కాకు పోతాడు. తండ్రి అరబ్బీలో మాట్లాడతాడు. కొడుకు ఫ్రెంచిలో జవాబిస్తాడు. తండ్రి దక్కనీ, కొడుకు తెలుగు మాట్లాడే బెజవాడ ఇళ్ళకు ఈ దృశ్యం పరాయిది కాదు. భాష కలవని ఇద్దరు ఒకే దారిలో నడిచి, ఆఖరుకు తండ్రి మరణంతో కొడుకు కళ్ళు తెరుచుకోవటం మనసును కలచివేస్తుంది.

చూడవలసిన క్రమం, చేయవలసిన పని

ఈ చిత్రాలన్నీ ఒకేరకం వారికి కావు. పిల్లలతో ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ మొదలుపెట్టి, కొంచెం ఎదిగినవారికి ‘ది మెసేజ్’ను సీరత్ గ్రంథంతోపాటు చూపటం మేలు. కాలేజీ విద్యార్థులకు ‘గరం హవా’, ‘మా భూమి’, ‘రామ్ కే నామ్’, దంపతులకు ‘అబు’, సంఘపెద్దలకు ‘బాజార్’. చూచిన తరువాత పది నిమిషాలు కూర్చుని ఆ మూడు ప్రశ్నలు వేసుకుంటే సినిమా కాలక్షేపంగా మిగిలిపోదు.

ఈ జాబితాను మరొకసారి పరిశీలించినవారికి ఒక వెలితి తెలుస్తుంది. ఇందులో ఆగ్రా ఉన్నది, హైదరాబాదు ఉన్నది, కేరళ, టెహరాన్ ఉన్నవి. కృష్ణా డెల్టా లేదు. కొండపల్లి దర్గాకు రెండు మతాలవారూ నడిచిపోయే దారి, బందరు పాతవీధులు, పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకుల చేతులు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మతం చూడకుండా శవాలను మోసినవారి జ్ఞాపకాలు, ఇవి ఏ కెమెరా కోసమూ ఆగవు. వాటిని చూచినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పూర్వం సినిమా తీయాలంటే మద్రాసు పోవలసి వచ్చేది. ఇప్పుడు ప్రతి ముస్లిం యువకుని జేబులోనూ కెమెరా ఉన్నది. తెలుగు తెర తమను తప్పుగా చూపుతున్నదని ఫిర్యాదు చేసే హక్కు సమాజానికి ఉన్నది. తన గురించి తానే నిజమైన సాక్ష్యం ఇవ్వవలసిన బాధ్యత కూడా ఉన్నది. ఆ సాక్ష్యంలో నాజర్ తంబురాతోపాటు షబ్నం కన్నీరు కూడా ఉండాలి. అప్పుడే వినేవాడు నమ్ముతాడు.